పాపికొండలకు పిల్లలు వస్తారా?

ఐదేళ్ల పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లినా పండగే. గుప్పెడు ఇసుక కనిపిస్తే చాలు, గంటసేపు ఆడుకుంటారు. పదహారేళ్లవాళ్లయితే ‘మీరు వెళ్లిరండి, నేను ఇంట్లో ఉంటా’ అని తేల్చేస్తారు. చిక్కంతా మధ్యవాళ్లతోనే! తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు. రంగులరాట్నం చూపిస్తే ‘అది చిన్నపిల్లలు ఎక్కేది’ అంటారు. గుడికి తీసుకెళ్తే ‘ఇంకా ఎంతసేపు?’ అంటారు. ఫోను చేతికిస్తే తలెత్తరు, తీసుకుంటే మొహం ముడుచుకుంటారు. అలాంటివాళ్లని పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోటులో కూర్చోబెడితే ఎలా ఉంటుంది?

గోదావరి మీద పాపికొండల యాత్రకు వెళ్దామనుకునే అమ్మానాన్నలకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. రెండోది ఇంకాస్త బరువైంది. ‘నది మీద అంతదూరం... పిల్లలతో భద్రమేనా?’ అని ఇంట్లో నాయనమ్మో, అమ్మమ్మో అడుగుతారు. అడగాలి కూడా. 2019 సెప్టెంబరు తర్వాత ఆ ప్రశ్నని తేలిగ్గా కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు.

రెండు ప్రశ్నలకూ జవాబు ఉంది. ఏ నెలలో వెళ్తున్నారు, ఎలా కూర్చుంటున్నారు, పిల్లలకు ముందు ఏం చెప్పారు... ఈ మూడింటిని బట్టే అది ‘సరే’ అవుతుంది, లేదా ‘వద్దు’ అవుతుంది.

ఒకే నీళ్లు... రెండు నదులు!

మహారాష్ట్రలో నాసిక్ దగ్గరున్న త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది గోదావరి. భద్రాచలం దాటి కిందికి వచ్చాక దానికి తూర్పు కనుమలు అడ్డం పడతాయి. ఆ కొండల్ని చీల్చుకుంటూ పోయిన చోటే పాపికొండలు. తల దువ్వి తీసిన పాపిటలా కొండల మధ్య నుంచి నది పోతుంది కాబట్టి పాపిడి కొండలన్నారనీ, అదే వాడుకలో పాపికొండలైందనీ చెబుతారు. రెండువైపులా ఉన్న అడవిని 2008లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే.

పిల్లల్ని నేరుగా బోటు దగ్గరికి తీసుకెళ్లిపోకండి. ముందురోజు సాయంత్రానికే రాజమహేంద్రవరం చేరుకుంటే మంచిది. పుష్కర్ ఘాట్ దగ్గర నిలబెట్టి నదిని చూపించండి. 1900లో మొదలై 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన, దాని బదులు కట్టిన ఆర్చి వంతెన, కింద రైలూ పైన రోడ్డూ ఉన్న 1974 నాటి వంతెన... అన్నీ అక్కడే. ఇక్కడ నది వెడల్పు దాదాపు మూడు కిలోమీటర్లు. మర్నాడు పాపికొండల మధ్యకి వెళ్లాక అదే నది కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది.

అప్పుడు అడగండి. ‘నీళ్లు అవే కదా, మిగతావి ఎటు పోయాయి?’ అని.

ఐదేళ్ల పిల్లలకు ఈ ప్రశ్న అర్థం కాదు. పదహారేళ్లవాళ్లు పట్టించుకోరు. పదకొండేళ్ల పిల్లలు మాత్రం ఆలోచిస్తారు. ‘లోతుగా ఉంటుందా?’ అంటారు. అవును, లోతు పెరుగుతుంది. ఎక్కడ బాగా ఇరుకైతే అక్కడ వరద రోజుల్లో వేగమూ పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి వాళ్లంతట వాళ్లు కనిపెడితే చాలు, లైఫ్ జాకెట్ ఎందుకు వేసుకోవాలో మీరు వేరే చెప్పక్కర్లేదు.

టైముంటే ధవళేశ్వరం కూడా చూపించొచ్చు. 1847 నుంచి 1852 వరకు సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో అక్కడ ఆనకట్ట కట్టారు. ఆయన పేరుతో మ్యూజియం ఉంది. నదికి అడ్డంగా గోడ కడితే ఏం జరుగుతుందో అక్కడ చూసిన పిల్లలకు, మర్నాడు పోలవరం గురించి చెప్పడం తేలిక.

ఎక్కడ ఎక్కాలి?

బాపు ‘అందాల రాముడు’ (1973), శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006) చూసినవాళ్లకు ఒక కల ఉంటుంది. రాజమండ్రిలో బోటెక్కి, కబుర్లు చెప్పుకుంటూ భద్రాచలంలో దిగాలని! ఇప్పుడది కుదరదు. మధ్యలో పోలవరం ప్రాజెక్టు అడ్డంగా ఉంది. అందుకే రాజమహేంద్రవరం నుంచి ముందు రోడ్డు మీద సుమారు గంటన్నర ప్రయాణం చేసి, ప్రాజెక్టుకు ఎగువన ఉన్న గండిపోచమ్మ గుడి దగ్గర బోటు ఎక్కాలి. తెలంగాణ నుంచి వచ్చేవాళ్లు భద్రాచలం మీదుగా పోచవరం చేరుకుని అక్కడ ఎక్కుతారు.

గండిపోచమ్మ దగ్గర అమ్మవారికి దణ్ణం పెట్టుకుని ఎక్కడం ఆనవాయితీ. అక్కడి నుంచి దేవీపట్నం, కచ్చులూరు, కొండమొదలు దాటుకుంటూ పాపికొండల మధ్యగా పేరంటపల్లి చేరి వెనక్కి తిరగాలి. రానూపోనూ ఆరేడు గంటలు పడుతుంది. టిఫినూ భోజనమూ బోటులోనే పెడతారు.

ఏ సెలవులకు వెళ్లాలి?

బడిపిల్లలున్న ఇంట్లో ప్రయాణాలన్నీ సెలవుల చుట్టూ తిరుగుతాయి. మనకున్నవి మూడు పెద్ద సెలవులు. దసరా, సంక్రాంతి, వేసవి. వీటిలో ఏది మంచిది?

దసరా వద్దు. జులై నుంచి అక్టోబరు దాకా గోదావరికి వరద రోజులు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అక్కడ 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు! వరద ఉన్నప్పుడు అధికారులు బోట్లు ఆపేస్తారు. ఒకవేళ ‘నీళ్లు తగ్గాయి, రండి’ అని ఎవరన్నా పిలిచినా, ఎగువన వాన పడుతోందేమో చూసుకోవాలి. నీళ్లు ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉంటే పిల్లల్ని ఎక్కించకండి. డబ్బు కట్టేశాం కదా అని మొహమాటపడొద్దు. పోయేది టికెట్ డబ్బులే.

వేసవి సెలవులు పొడుగే, కానీ ఎండ మామూలుగా ఉండదు. కొండల మధ్య గాలి ఆడక, రేకు కప్పు కింద పిల్లలు నీరసపడిపోతారు. అంతకంటే ముఖ్యం, సాయంత్రంపూట వచ్చే ఈదురుగాలులు. 2018 మే 15న కొండమొదలు నుంచి గిరిజనుల్ని తీసుకొస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకు మునిగిపోయింది. ఇరవై మంది దాకా చనిపోయారు. వాన లోపలికి కొట్టకుండా తలుపులు మూసుకోవడంతో బయటికి రాలేకపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి. వేసవిలోనే వెళ్లక తప్పదనుకుంటే ఆ రోజు వాతావరణ హెచ్చరిక చూసుకుని, పొద్దున్నే బయల్దేరే బోటు ఎంచుకోండి.

ఇక మిగిలింది సంక్రాంతి. ఆ రోజుల్లో నీళ్లు తేటగా, నెమ్మదిగా ఉంటాయి. పొద్దున్నే కొండల మీద మంచు. మధ్యాహ్నం ఎండ కూడా హాయిగా ఉంటుంది. క్రిస్మస్ సెలవులైనా ఇంతే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడు వీలైతే అప్పుడు. ఈ రోజుల్లో జనం ఎక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి.

కచ్చులూరు చెప్పే పాఠం

బోటు కచ్చులూరు దాటేటప్పుడు పెద్దవాళ్ల మాటలు కాసేపు ఆగిపోతాయి. 2019 సెప్టెంబరు 15న ‘రాయల్ వశిష్ఠ’ అనే పర్యాటక బోటు మునిగింది ఇక్కడే. బోటులో 77 మంది ఉన్నారు. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. ఆ రోజు నదిలో ఐదు లక్షల క్యూసెక్కుల దాకా వరద ఉంది. చాలామంది ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవని బయటపడినవాళ్లు చెప్పారు. ఒడ్డున ఉన్న కచ్చులూరు గిరిజనులు నాటుపడవలు వేసుకొచ్చి నీళ్లలో ఉన్నవాళ్లని లాగి కాపాడారు. మునిగిన బోటుని బయటికి తీయడానికి ఐదు వారాలకు పైగా పట్టింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లూ లంగర్లూ వేసి అక్టోబరు 22న ఒడ్డుకు లాగింది.

ఇదంతా పిల్లలకు చెప్పాలా? చెప్పాలి. భయపెట్టేలా కాదు, జరిగింది జరిగినట్టు. ఈ వయసు పిల్లలు కారణాలు అడుగుతారు. కారణం తెలిస్తే నియమం పాటిస్తారు. ‘జాకెట్ వేసుకో’ అంటే ఉక్కగా ఉందని విప్పేస్తారు. ‘ఆ రోజు వేసుకోనివాళ్లకు ఏమైందో తెలుసా?’ అని చెబితే వాళ్లే పక్కవాళ్లకు గుర్తు చేస్తారు. మేం వెళ్లిన బోటులో అలాంటి చిన్న ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు ముగ్గురు కనిపించారు. భోజనాల దగ్గర ఒక మామయ్యగారు జాకెట్ తీసి కుర్చీకి తగిలిస్తే, పదేళ్ల మేనకోడలు అది ఆయనకు మళ్లీ తొడిగేదాకా వడ్డన ముందుకు సాగనివ్వలేదు.

ఆ ప్రమాదం తర్వాత నది వెంట కంట్రోలు రూములు పెట్టారు. బయల్దేరేముందు బోటునీ, ప్రయాణికుల జాబితానీ చూసి పంపే పద్ధతి వచ్చింది. అయినా తల్లిదండ్రులుగా మీరు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

లైఫ్ జాకెట్ పిల్లల కొలతకు ఉండాలి. తొడిగి, బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తోందంటే పెద్దదని అర్థం. ఇంకోటి అడిగి తీసుకోండి. నీళ్లలో పడితే అలాంటి జాకెట్ తలమీంచి జారిపోతుంది.

బోటులో ఎందరికి అనుమతి ఉందో రాసి ఉంటుంది. లెక్క ఎక్కువైనట్టు కనిపిస్తే దిగిపోవడానికి సిగ్గుపడొద్దు. కింది అంతస్తులో కూర్చుంటే తెరిచి ఉన్న దారికి దగ్గరగా కూర్చోండి. వానొచ్చినా, ఏసీ కోసమైనా అన్ని తలుపులూ బిగించేస్తే ఒప్పుకోవద్దు.

కొండలు దగ్గరపడగానే ఫొటోల కోసం పై అంతస్తులోని జనమంతా ఒక్కవైపుకి వస్తారు. బరువంతా పైన, అందులోనూ ఒకే పక్క పడితే బోటు ఒరుగుతుంది. మీ పిల్లల్ని మధ్యలోనే ఉంచండి. మలుపు తిరిగాక ఆ కొండ ఎలాగూ ఇటువైపు కనిపిస్తుంది.

‘మావాడికి ఈత వచ్చు’ అనే ధీమా వద్దు. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత ఈ నదికి చాలదు. నడిపేవాళ్లు ఆపి ఒడ్డుకు దింపిన చోట కూడా పిల్లలు మోకాలి లోతు దాటకుండా చూసుకోవాలి. ఇసుక ఒడ్డు ఒక్క అడుగులో లోతైపోతుంది.

ఆరేడు గంటలు ఏం చేస్తారు?

భద్రత సంగతి అయ్యాక మిగిలేది విసుగు. మొదటి గంట పిల్లలకు అంతా కొత్తే. రెండో గంటకి ఫోను తీస్తారు. మూడో గంటకి కొండల్లోకి వెళ్లేసరికి సిగ్నల్ పోతుంది! సరిగ్గా అక్కడే యాత్ర మొదలవుతుందనుకోండి.

అప్పటికి వాళ్ల చేతుల్లో ఏదో ఒక పని ఉండాలి. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఇవ్వండి. బయల్దేరిన టైము, ప్రతి ఊరు దాటిన టైము రాయమనండి. నది వెడల్పు కంటితో అంచనా వేసి రాయమనండి. పోయేటప్పుడు ఎంతసేపు పట్టింది, వచ్చేటప్పుడు ఎంతసేపు పట్టింది? తేడా ఎందుకొచ్చింది? ఎదురీతకీ వాలుకీ తేడా పుస్తకంలో లెక్కగా చదివిన పిల్లలకు ఆ లెక్క కళ్లముందే జరుగుతుంది.

బైనాక్యులర్స్ ఉంటే ఇంకా మంచిది. ఒడ్డున రాళ్లమీద రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, కొమ్మ మీంచి బాణంలా నీళ్లలో పడే లకుముకి పిట్టలు, కొంగలు... లెక్కపెట్టే కొద్దీ దొరుకుతాయి. అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే ఎడమ ఒడ్డు ఒకరికి, కుడి ఒడ్డు ఒకరికి పంచేయండి. పోటీ పెడితే చాలు, ఫోను గుర్తుకు రాదు.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా బోట్లలో పాటలు పెట్టి, మైకులో పిలిచి డాన్సులు చేయిస్తారు. ఆరేళ్ల పిల్లలు పరుగున వెళ్తారు. పదకొండేళ్ల పిల్లలు కుర్చీలో కుంగిపోతారు. ‘వెళ్లరా, సిగ్గెందుకు?’ అని నలుగురిలో తోయకండి. ఈ వయసులో వాళ్లకు అంతకు మించిన అవమానం లేదు. ఆ రోజంతా మొహం ఎత్తరు. ఇష్టమైతే వాళ్లే వెళ్తారు. లేకపోతే ఆ పాటల మోతకు దూరంగా బోటు ముందువైపు నీడలో ఓ మూల చూసి కూర్చోబెట్టండి.

తిండి విషయానికొస్తే బోటులో పెట్టేది పెద్దవాళ్ల రుచికి సరిపోతుంది. పిల్లలకు మధ్యమధ్యలో ఆకలేస్తుంది. జంతికలు, చేగోడీలు, అరటిపళ్లు, తాగేనీళ్లు దగ్గరుంచుకోండి. తొక్కలూ ప్లాస్టిక్ కవర్లూ నదిలో వేయకుండా ఒక సంచీ కూడా. బోటులో బాత్‌రూమ్ ఉంటుంది, ఇరుగ్గా ఉంటుంది. పదకొండు పన్నెండేళ్ల ఆడపిల్లలున్న తల్లులు కావాల్సినవి బ్యాగులో పెట్టుకుని బయల్దేరడం మంచిది. పిల్ల నోరు తెరిచి అడగడానికి మొహమాటపడే వయసది.

పేరంటపల్లిలో కాసేపు

బోటు ఆగే చోటు పేరంటపల్లి. మెట్లెక్కి వెళ్తే చెట్ల మధ్య శివాలయం, రామకృష్ణ మునివాటం. బాలానంద స్వామి ఇక్కడ ఆశ్రమం ఏర్పరచుకున్నారు. పక్కన కొండమీంచి జాలువారే నీళ్లు. బోటులో అంతసేపు పాటలు విన్న చెవులకు ఇక్కడి నిశ్శబ్దం కొత్తగా అనిపిస్తుంది. అల్లరి పిల్లలు కూడా ఇక్కడ గొంతు తగ్గించడం చూశాం.

మెట్ల పక్కన కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలు, పూలసజ్జలు, పడవలు అమ్ముతారు. ఈ అడవుల్లో తరతరాలుగా ఉన్న గిరిజనులు వాళ్లు. పిల్లల చేతికి ఓ వంద రూపాయలిచ్చి నచ్చింది కొనుక్కోమనండి. పది రూపాయలు తగ్గించమని మీరు పేచీ పెట్టకండి. ఆ వెదురు అడవి నుంచి తెచ్చి, చీల్చి, అల్లడానికి ఎంతసేపు పట్టిందో అడగమనండి చాలు. ఫొటో తీసేముందు అడగాలని కూడా ఇక్కడే నేర్పొచ్చు.

‘వాళ్లంతా ఎటు వెళ్లారు?’

తిరుగు ప్రయాణంలో పిల్లలు అడిగే ప్రశ్నలు మారతాయి. పొద్దున గమనించనివి అప్పుడు కనిపిస్తాయి. ఒడ్డున ఖాళీ ఊళ్లు, మనిషి లేని గోడలు.

మా ముందు వరసలో ఒక తాతగారూ మనవరాలూ కూర్చున్నారు. ఆయన చిన్నప్పుడు లాంచీలో ఈ దారిన భద్రాచలం వెళ్లేవారట. ఏ రేవులో ఏం అమ్మేవారో చెబుతున్నారు.

‘‘తాతయ్యా, మరి వాళ్లంతా ఎటు వెళ్లారు?’’ అందా పిల్ల.

‘‘ప్రాజెక్టు వస్తోంది కదమ్మా. ఊళ్లు మునుగుతాయని వేరేచోట కాలనీలు కట్టించారు.’’

కాసేపు ఊరుకుని, ‘‘అక్కడ నది ఉందా?’’ అని అడిగింది.

ఆయన ‘‘లేదమ్మా’’ అని నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు.

పోలవరం గురించి పెద్దవాళ్లు ఎన్నో వాదించుకుంటారు. పిల్లలకు రెండువైపులా చెప్పాలి. ప్రాజెక్టు పూర్తయితే 7.2 లక్షల ఎకరాలకు కొత్తగా నీళ్లు అందుతాయి. 960 మెగావాట్ల కరెంటు వస్తుంది. విశాఖకు నీళ్లు వెళ్తాయి. పూర్తిస్థాయి నీటిమట్టం 150 అడుగులు. అంతమేర నీళ్లు నిలబడితే వెనక ఉన్న లోయలో 370కి పైగా ఆవాసాలు ముంపులోకి వస్తాయి. లక్షకు పైగా కుటుంబాలు ఇల్లూ పొలమూ వదిలి కదలాలి. 2021లో ఎగువ కాఫర్ డ్యామ్ కట్టి గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించాక దేవీపట్నం వైపు ఊళ్లకు ఏటా వరద ముంపు పెరిగింది. ప్రధాన డ్యామ్ పూర్తయి నీళ్లు నిండాక ఈ ఒడ్డు ఇలా ఉండదు. కొండలు ఉంటాయి, నది ఉంటుంది. అయితే నీళ్లు పైకి వస్తాయి, రేవులు మారతాయి, ఈ గోడలు కనిపించవు.

మన ఇంట్లో వెలిగే లైటుకీ, మన పళ్లెంలో అన్నానికీ ఎక్కడో ఎవరో ఊరు ఇస్తున్నారన్న మాట పిల్లలకు తరగతిలో చెబితే తలకెక్కదు. ఇక్కడ ఒక్క ఖాళీ గోడ చూపిస్తే ఎక్కుతుంది. అర్థం చేసుకునే వయసు ఇదే. ఆ ఒడ్డు ఇంకా కనిపిస్తున్న కాలమూ ఇదే.

ఎవరికి సరిపడదు?

అందరు పిల్లలకూ సరిపోతుందని చెప్పలేం. నీళ్లంటే నిజంగా భయపడే పిల్లల్ని ‘భయం పోతుంది’ అని బలవంతంగా ఎక్కించకండి. మధ్యలో దిగడానికి వీలుండని ప్రయాణం ఇది. ముందు ఏదైనా చెరువులోనో, దగ్గర్లోని నదిలోనో అరగంట బోటు షికారు చేయించి చూడండి. అక్కడ సరదాపడితే ఇక్కడికి తీసుకురావచ్చు.

చెప్పిన మాట ఒక్క నిమిషం కూడా నిలుపుకోలేని దుడుకు పిల్లలైతే, ఒక్కొక్కరికి ఒక పెద్దవాళ్లు కాపలా ఉంటేనే బయల్దేరండి. నలుగురు పిల్లలకు ఇద్దరు పెద్దలు, అందులో ఒకరు ఫొటోలు తీసే పనిలో... అలా వద్దు. బస్సులో వాంతులయ్యే పిల్లలకు నది మీద పెద్ద ఇబ్బంది ఉండదు. గండిపోచమ్మ దాకా వచ్చే దారిలోనే జాగ్రత్త పడాలి. పొద్దున్నే నూనె వస్తువులు పెట్టకుండా, ముందు సీటులో కూర్చోబెడితే చాలావరకు నయం.

తర్వాత సముద్రం

ఈమధ్య చాలామంది అమ్మానాన్నలు సముద్రంలో ఓడ ప్రయాణం గురించి కూడా అడుగుతున్నారు. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే విహార నౌక విశాఖ రేవుకి వచ్చింది. 2023లో అక్కడ ప్రత్యేకంగా క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. అంత ఖర్చు పెట్టేముందు, మీ పిల్లలకు నీటి ప్రయాణం సరిపడుతుందో లేదో గోదావరి ఒక్క రోజులో చెప్పేస్తుంది.

నది మీద కొండల్నీ పిట్టల్నీ చూసి మురిసిన పిల్లలకు ఓడ నచ్చకపోవచ్చు. ఓడ మీద గంటల తరబడి కనిపించేది నీళ్లే. డాన్సులూ, కొత్త స్నేహాలూ కోరుకునే పిల్లలకు అదే స్వర్గం. ఓడల్లో పిల్లలకు ప్రత్యేకంగా ఆటల గదులుంటాయి. పదకొండు పన్నెండేళ్లవాళ్లని చాలా ఓడల్లో చిన్నపిల్లల జట్టులోనే వేస్తారు. టికెట్ కొనేముందే మీ పిల్లల వయసు ఏ జట్టులోకి వస్తుందో అడగండి. కుదుపులకు కడుపులో తిప్పడం ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్యే ఎక్కువ. అందుకని ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో గది తీసుకోవాలి. డాక్టరు చెప్పిన మాత్ర ముందే వేయాలి. బంగాళాఖాతంలో తుపాన్లు ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఎక్కువ. నైరుతి రుతుపవనాల్లో అలలు పెద్దవి. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మది.

అడిగి చూడండి

చివరగా ఒక్కమాట. టికెట్లు కొనేశాక ‘ఆదివారం వెళ్తున్నాం’ అని ప్రకటించకండి. ముందు మ్యాపు ముందుపెట్టండి. నది ఎక్కడ కొండల్లో దూరుతుందో వాళ్లనే వేలుపెట్టి చూపించమనండి. ఏ నెలలో వెళ్లాలో, ఎందుకో చర్చ పెట్టండి. కచ్చులూరు సంగతీ, ముంపు ఊళ్ల సంగతీ చెప్పండి. ‘వస్తావా?’ అని అడగండి. తను కూడా ఆలోచించి ఒప్పుకున్న ప్రయాణంలో ‘ఇంకా ఎంతసేపు?’ అన్న ప్రశ్న సగానికి సగం తగ్గిపోతుంది.

2015 పుష్కరాలప్పుడు చంకనెత్తుకుని గోదాట్లో తల తడిపిన పిల్లలే ఇప్పుడు ఈ మధ్యవయసులో ఉన్నారు. 2027లో పుష్కరాలొస్తాయి. ఆ తర్వాతవి 2039లో. అప్పటికి వాళ్లకి ఉద్యోగాలుంటాయి, స్నేహితులుంటారు, గోదావరికి వాళ్లంతట వాళ్లే వెళ్లొస్తారు. అమ్మా నాన్నా పక్కన కూర్చుని నది చూపించడానికి మిగిలినవి ఈ రెండు మూడు సంక్రాంతులే!